బాటసారి హక్కు – బెజవాడ వీధులు

దారి వెడల్పు విషయమై తగవు వచ్చినప్పుడు ఏడు మూరలు విడిచిపెట్టాలని దైవప్రవక్త (స) తీర్పు ఇచ్చినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం సంకలనాల్లో ఉన్నది. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు. దారిలో నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని మరొక హదీసు చెబుతున్నది. ఈ రెండవది మసీదు ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది, ముల్లు, రాయి అనే ఉదాహరణలతో అక్కడికి ఆగిపోతుంది. మొదటిది అంతగా వినిపించదు. రెండింటినీ కలిపి చదివితే అసలు విషయం తేలుతుంది: దారిన పోయేవానికి ఒక హక్కు ఉన్నది, ఆ హక్కుకు కొలత కూడా ఉన్నది.

పన్నెండవ శతాబ్దంలో సిరియా పండితుడు అష్షైజరీ, బజారును తనిఖీ చేసే ముహ్తసిబ్ అనే అధికారి ఉపయోగం కోసం ఒక గ్రంథం వ్రాశాడు. బజారు వీధికి ఇరువైపులా ఎత్తుగా నడవలు ఉండాలనీ, శీతకాలంలో జనం వాటి మీద నడుస్తారనీ అందులో సూచించాడు. (ఆ దేశంలో వానలు, బురద శీతకాలంలోనే.) దుకాణదారు తన అరుగును స్తంభాల వరుస దాటించి ముందుకు జరపడం బాటసారుల మీద దౌర్జన్యమనీ, దానిని తొలగించడం ముహ్తసిబ్ విధి అనీ అన్నాడు. కాలిబాట అనేది మోటారు కార్లతో పాటు నిన్నమొన్న వచ్చిన ఆలోచన అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరు, రోజుకు దాదాపు తొంభై మంది. వీరికి వాహనం లేదు, వేగం లేదు, తప్పించుకొని నిలబడడానికి చోటు మాత్రమే కావాలి.

ఆ చోటు విషయంలో విజయవాడ మొదటి నుండి కష్టమైన ఊరే. ఒక ప్రక్క కృష్ణా నది, ఊరి నడుమ కొండలు, ఊరిని చీల్చుకొని పోయే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, వాటికి తోడు రైలు పట్టాలు. వన్‌టౌన్ నుండి గవర్నరుపేటకు పోవాలన్నా, చిట్టినగర్ నుండి విద్యాధరపురం వైపు పోవాలన్నా ఏదో ఒక వంతెనో, రైలు పట్టాల క్రింది దారో, సొరంగమో దాటాలి. ఊరి రాకపోకలన్నీ ఆ ఇరుకుల్లోకి వచ్చి పడతాయి. వాహనాలకు చోటు చాలనప్పుడు ముందుగా మాయమయ్యేది అంచున ఉన్న కాలిబాటే. కొండ మీది పేటల వారి సంగతి వేరు. వారికి మెట్లే వీధులు. గ్యాస్ సిలిండరును భుజాన పెట్టుకొని ఎక్కేవానికి, పురిటి నొప్పులతో దిగే స్త్రీకి మెట్ల ప్రక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప కమ్మీ, మలుపులో ఒక దీపం, ఇవే రహదారి భద్రత. ఈ మాట ట్రాఫిక్ సమావేశాల్లో ఎందుకు రాదో ఆలోచించవలసిన విషయం.

బెంజి సర్కిల్ దగ్గర 16వ, 65వ నంబరు జాతీయ రహదారులు కలుస్తాయి. అక్కడ వంతెనలు వచ్చాయి. కొండ ప్రక్కన కనకదుర్గ వంతెన 2020 అక్టోబరు 16న ప్రారంభమైంది. దూరం పోయే లారీకి ఇవి మేలు చేశాయి, కాదనరాదు. వంతెన క్రింద ఈ వైపు నుండి ఆ వైపుకు దాటవలసిన వృద్ధురాలి అడుగులు మాత్రం వాటి వల్ల తగ్గవు. ఇదే ఊరిలో దసరా నవరాత్రుల్లో లక్షలాది యాత్రికుల కోసం ఇంద్రకీలాద్రి చుట్టుప్రక్కల వాహనాలను మళ్లించి, నడిచేవారికి దారి కడతారు. నడిచేవానికి ముందు చోటు ఇవ్వడం ఈ నగరపాలక సంస్థకు, పోలీసులకు చేతకాని పని కాదన్నమాట.

కాలిబాటలు ఖాళీ చేయించాలని పౌరులు అర్జీ పెట్టినప్పుడల్లా ఒక చిక్కు వస్తుంది. ఆ దెబ్బ తోపుడు బండివాని మీద పడుతుంది. బీసెంట్ రోడ్డులో బట్టలు, గాజులు అమ్ముకునేవారిని తరిమివేయడం తేలిక. కాలిబాట మీద నిలిపిన కారు జోలికి, దుకాణం ముందుకు జరిపిన సిమెంటు మెట్ల జోలికి పోవడం అంత తేలిక కాదు. ఇది న్యాయం కాదు. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం సర్వే పూర్తి కాకుండా వర్తకులను ఖాళీ చేయించకూడదు, స్థలం మార్చాలంటే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. ఎక్కడ అమ్మాలో, ఎక్కడ అమ్మకూడదో సలహా చెప్పే పట్టణ వర్తక కమిటీలో నలభై శాతం మంది వర్తకులే ఎన్నుకున్న ప్రతినిధులు. బాటసారి తరఫున మాట్లాడేవారు ముందుగా వెళ్లవలసినది ఆ కమిటీ దగ్గరికే. జామకాయల బండికి కావలసినది నాలుగడుగులు. కారుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి, పైగా ఆ కారు ఎవరికీ ఏమీ అమ్మదు.

డెల్టా పల్లెల్లో ఇదే చిక్కు మరో రూపంలో ఉన్నది. కాలువ గట్టు మీద రోడ్డు, ఒక ప్రక్క నీళ్లు, మరొక ప్రక్క పల్లం. తెల్లవారుజామున కూలికి పోయే స్త్రీలు నడిచేది ఆ తారు అంచునే. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దారికి అడ్డం పెట్టడం తప్పే. అయితే ఆరబెట్టడానికి కళ్లం లేని కౌలురైతును మందలించినందువల్ల ప్రయోజనం లేదు. పంచాయతీని కళ్లం అడగాలి, గట్టు అంచున మనిషి నడిచేంత మట్టి దారి కూడా అడగాలి.

అడిగేవారికి చట్టం బలం ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువ. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ రోడ్డు భద్రతపై 2012లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంలోనే, 2025 మే 14న, కాలిబాటపై నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం క్రింద జీవించే హక్కులో భాగమని కోర్టు స్పష్టం చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో, పాదచారుల విషయమై మోటారు వాహనాల చట్టం 138వ సెక్షను క్రింద ఆరు నెలల్లో నియమాలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2019 సవరణతో చేరిన 198ఎ సెక్షను ప్రకారం, రోడ్డు నమూనాలోనో నిర్మాణంలోనో నిర్ణీత ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గానీ అంగవైకల్యం గానీ సంభవిస్తే సంబంధిత అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. భారత రోడ్ల కాంగ్రెసు మార్గదర్శకాల్లో కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలి. అంటే నాలుగు మూరలు.

కాబట్టి అర్జీలో "ఆక్రమణలు పెరిగాయి" అని వ్రాస్తే చాలదు. ఫలానా కరెంటు స్తంభం నుండి ఫలానా గోడ వరకు ఎన్ని అడుగులు మిగిలాయో టేపుతో కొలిచి, తేదీ వేసి, ఫోటో జతచేసి వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉన్నది. హైదరాబాద్‌లో రైట్ టు వాక్ ఫౌండేషన్ వంటి సంస్థలు నగరపాలక సంస్థను వదలకుండా అడుగుతూ వచ్చాయి. బెజవాడలో ఆ పనికి పెద్ద సంస్థ అక్కరలేదు, ఒక వీధిలో పదిమంది చాలు.

మసీదు కమిటీలకు కూడా ఇందులో సొంత పని ఉన్నది. నడిదారిలో నమాజు చేయరాదన్న హదీసు తిర్మిజీలో ఉన్నది. దాని పరంపర బలహీనమని పండితులు చెప్పినా, బాటసారులకు అడ్డు కలుగుతుందనే కారణంతో హనఫీ ధర్మశాస్త్రవేత్తలు దానిని అవాంఛనీయంగానే ఎంచారు. నమాజుకే ఆ నిబంధన ఉన్నప్పుడు, శుక్రవారం మధ్యాహ్నం పంజా సెంటరులో గానీ మరొక చోట గానీ మసీదు ముందు కాలిబాట మీద వరుసగా నిలిపే మోటారు సైకిళ్లకు వేరే తీర్పు వెదకనక్కరలేదు. బండ్లకు సమీపంలో ఖాళీ స్థలం చూడడం, గేటు దగ్గర ఇద్దరు కుర్రవాళ్లను నిలబెట్టడం, కొంచెం దూరం నుండి నడిచి రమ్మని ఖుత్బాకు ముందు చెప్పడం వచ్చే శుక్రవారమే మొదలుపెట్టదగిన పనులు.