తుమ్ముల మాత్రకు నోరెందుకు ఎండుతుంది?

సూరత్ నగరంలోని ఖటోదరా ఒక పారిశ్రామిక వాడ. ఈ నగరపు వస్త్ర పరిశ్రమలో అనేక రాష్ట్రాల వారితోపాటు తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలవారూ పనిచేస్తున్నారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. మరమగ్గాల మధ్య తేలే నూగు, దుమ్ము పడనివారికి తుమ్ములు వస్తాయి, ముక్కు కారుతుంది. మాత్ర వేసుకుంటే అవి తగ్గుతాయి. కాని నోరు ఎండుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. మాతృభాష ఏదైనా ఈ అనుభవం ఒక్కటే. దీని కారణాన్ని గ్రహించడానికి ప్రయోగశాల జంతువుల లాలాజల గ్రంథులు తోడ్పడ్డాయి.

తుమ్ములకు మూలమైన పదార్థాలలో హిస్టమిన్ ముఖ్యమైనది. హిస్టిడిన్ అనే ఆమైనో ఆమ్లం నుండి శరీరమే దీనిని తయారుచేసుకుంటుంది. రక్తనాళాల చెంత ఉండే మాస్ట్ కణాలలో ఇది నిల్వ ఉంటుంది. పడని పదార్థం సోకగానే వెలువడి, సూక్ష్మ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వాటి గోడల గుండా ద్రవం కణజాలంలోకి ఊరి వాపు కలుగుతుంది. శరీరంపై దీని ప్రభావాలను 1910లో హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్‌లా జంతువులపై పరీక్షించి వివరించారు.

లాలాజల గ్రంథిలోని రక్తనాళాలపై కూడా హిస్టమిన్ ఇదేవిధంగా పనిచేస్తుంది. అయితే రక్తం ఎక్కువగా ప్రవహించినంత మాత్రాన లాలాజలం ఊరుతుందా? ఊరదని 1872లో హైడెన్‌హైన్ కుక్కలపై జరిపిన ప్రయోగం తేల్చింది. అట్రోపిన్ ఇచ్చి గ్రంథి నాడిని ప్రేరేపించగా రక్తప్రవాహం పెరిగింది. లాలాజలం మాత్రం స్రవించలేదు. రక్తం వేరు, స్రావం వేరు. స్రావానికి ప్రధానమైన ఆజ్ఞ నాడి నుండి వస్తుంది. ఆ ఆజ్ఞను గ్రంథి కణాలకు అందించే దూత అసిటైల్‌కోలిన్ అని తరువాత తెలిసింది. హిస్టమిన్ ఎక్కించినప్పుడు పిల్లి వంటి కొన్ని జంతువులలో లాలాజలం ఊరినా, మామూలుగా గ్రంథిని నడిపేది నాడియే.

జీర్ణాశయం తీరు వేరు. హిస్టమిన్ ఇవ్వగానే కుక్కల జీర్ణాశయంలో ఆమ్లం విశేషంగా స్రవిస్తుందని, అట్రోపిన్ దానిని ఆపలేదని 1920లో పోపియెల్‌స్కీ ప్రకటించాడు. ఒకే పదార్థం, రెండు గ్రంథులు, రెండు ఫలితాలు.

1937లో డేనియల్ బోవే, అన్‌మారీ స్టౌబ్ హిస్టమిన్ నిరోధక మందులకు బాట వేశారు. బోవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాత తరం మందులు హిస్టమిన్‌నే గాక అసిటైల్‌కోలిన్‌ను కూడా అడ్డగిస్తాయి. నాడి ఆజ్ఞ గ్రంథికి సరిగా చేరదు, నోరు ఎండుతుంది. అవి మెదడులోకి కూడా ప్రవేశించి అక్కడి హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి. అది మేలుకొలిపే పదార్థం గనుక నిద్ర కమ్ముతుంది. కొత్త తరం మందులలో ఈ రెండు బాధలూ తక్కువ.

నోరు చాలాకాలం ఎండితే పళ్ళు పుచ్చే ప్రమాదం హెచ్చు. తిరిగే యంత్రం చెంత కునుకు అంతకన్నా ప్రమాదకరం. కనుక తుమ్ముల మాత్ర కోరే కార్మికుడు తన పని ఎటువంటిదో, ఏ వేళ చేస్తాడో వైద్యునికి ముందే చెప్పడం అవసరం.