వార్ధక్యంలో దేహతాపం

దేహానికి ముల్లు గుచ్చుకొన్నచోట ఎర్రబారుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పిపుడుతుంది. ఈ నాలుగు లక్షణాలను సుమారు రెండు వేల సంవత్సరాల క్రితమే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. వైద్యులు దీనిని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మనం తాపప్రక్రియ అనవచ్చు. సెగగడ్డ అన్న మన తెలుగుమాటలోనే ఈ నిప్పు దాగి ఉన్నది.

ఈ నిప్పు మన శత్రువు కాదు. 1882లో రష్యన్ శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్, ఇటలీలోని మెస్సీనాలో, నక్షత్రచేప డింభకాలకు గులాబీ ముళ్లు గుచ్చి, మరునాటి ఉదయం చూడగా, సంచరించే కణాలు ఆ ముళ్లను చుట్టుముట్టి కనిపించాయి. దేహరక్షణలో ఇట్టి కణాల పాత్రను వివరించినందుకు 1908లో ఆయన పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందాడు.

యౌవనంలో తాపం అవసరానికి రగిలి, పని ముగియగానే చల్లారుతుంది. వార్ధక్యంలో ఈ క్రమం రెండు విధాల చెదురుతుంది.

మొదటిది, గాయమూ రోగమూ లేకపోయినా నివురుగప్పిన నిప్పువలె స్వల్పతాపం నిలిచిపోవడం. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సెస్కీ 2000లో దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరుపెట్టాడు. విభజనశక్తి ఉడిగిన కణాలు కొన్ని నశించక, తాపాన్ని ప్రేరేపించే పదార్థాలను స్రవిస్తూ ఉంటాయి. ఉదరంలో పేరుకొన్న కొవ్వు దానికి తోడవుతుంది. గుండెజబ్బులకు, మధుమేహానికి ఈ స్థితితో సంబంధం కలదు.

రెండవది, నిజంగా శత్రువు ప్రవేశించినప్పుడు ప్రతిఘటన మందగించడం. కొత్త రక్షకకణాలకు శిక్షణనిచ్చే థైమస్ గ్రంథి వయసుతోపాటు కుంచించుకుపోతుంది. న్యుమోనియా సోకిన వృద్ధులలో కొందరికి తగినంత జ్వరం రాదు. అన్నం మానడం, మగతగా ఉండటం, మాట తడబడటం మాత్రమే కనిపించవచ్చు. "పెద్దవయసు గదా!" అని ఇంటివారు ఊరుకొంటే, విలువైన కాలం చేజారుతుంది.

అలాగని తాపాన్ని ఎల్లప్పుడూ అణచివేయడం పరిష్కారం కాదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలో, డెక్సామెథసోన్ అనే తాపహారి ఔషధం, వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగులలో మరణాలను సుమారు మూడవవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరంలేని రోగులకు మాత్రం దానివల్ల మేలు కలుగలేదు. ఏ నిప్పును ఎప్పుడు ఆర్పాలో వైద్యుడే నిర్ణయించాలి.

మన చేతిలో ఉన్న పనులూ లేకపోలేదు. నిత్యం నడవడం, పొగత్రాగకపోవడం, ఉదరం పెరగనీయకపోవడం, పెద్దలకు తగిన టీకాలు వేయించడం అట్టివి. విద్యార్థి మిత్రులు సెలవులకు ఇల్లు చేరినప్పుడు, దాదీ అయినా నాయనమ్మ అయినా, నిన్నటివలె మాట్లాడకపోతే నుదురు తాకి జ్వరం లేదని తృప్తిపడక, వెంటనే వైద్యునికి చూపించాలి. మనం చదివిన శాస్త్రానికి ఇంతకన్న సార్థకత ఏమున్నది?