క్యాట్‌బెల్స్ చుట్టు నడక: చీకటి పడకముందే దిగిపోయే ప్లాన్

ఎపిసోడ్‌లో క్యాట్‌బెల్స్ గురించి రెండు నిమిషాలే మాట్లాడాను. "అన్నా, ప్లాన్ ఎలా వేసుకోవాలో రాసిపెట్టు" అని అడిగారు, అందుకే ఇది.

క్యాట్‌బెల్స్ ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో కొండ. ఎత్తు 451 మీటర్లు. దగ్గర ఊరి పేరు రాసేది కెస్విక్, పలికేది కెజిక్. పెన్రిత్‌లో రైలు దిగితే ఎక్స్5 బస్సు అక్కడికి వెళ్తుంది. ఆదివారం బస్సులు తక్కువ. కాబట్టి తిరిగొచ్చే చివరి బస్సు టైమ్ ముందు రాసుకోండి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి.

మొదటిసారి మేం ఆ లెక్క వెయ్యలేదు. సైటు నుంచి నలుగురం, అక్టోబరు చివరి ఆదివారం. ఆరోజే ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఫోన్లు వాటంతటవే మారిపోయాయి, మా బుర్రలు మారలేదు. నిన్నటిదాకా ఆరింటిదాకా వెలుతురుంది కదా అని మధ్యాహ్నం రెండింటికి ఎక్కడం మొదలుపెట్టాం. ఐదు లోపే సూర్యుడు పోయాడు. అప్పటికి మేం అడవిలో ఉన్నాం. ఫోన్ లైట్లతో వేర్లు తన్నుకుంటూ బయటపడ్డాం. ఒకడికి చీలమండ మెలిక పడింది, వారంపాటు నిచ్చెన ఎక్కలేకపోయాడు. పని చేస్తేనే జీతం మనకి. అది చిన్న సంగతి కాదు.

చుట్టు దారిలో ఉన్న చిక్కు ఇదే. ఎక్కిన దారినే దిగితే వెనక్కి వచ్చేది చూసిన దారే. చుట్టి వస్తే రెండో సగమంతా కొత్తది, అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి, వెలుతురు తగ్గుతూ ఉంటుంది. అందుకే ఎక్కడ వెనక్కి తిరగాలో కిందే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి.

టైమ్ లెక్కకి నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రం ఉంది. గంటకి 5 కిలోమీటర్లు, దానిమీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. మన చుట్టు సుమారు 6 కిలోమీటర్లు, ఎక్కుడు 350 మీటర్లకి కాస్త పైన. లెక్క ప్రకారం గంటా యాభై నిమిషాలు. కానీ అది ఆగకుండా నడిచేవాడి లెక్క. ఫోటోలు, పులిహోర డబ్బా, రాళ్ల దగ్గర క్యూ, అన్నీ కలిపి నేను మూడున్నర గంటలు వేస్తాను. అలిపిరి 3550 మెట్లు ఎక్కినవాళ్లకి ఈ ఎత్తు పెద్దదేం కాదు. కాకపోతే ఇక్కడ పైన రేకులుండవు, మజ్జిగ అమ్మేవాళ్లుండరు.

మ్యాపు ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఓఎల్4 కొనండి. స్కేలు 1:25,000, అంటే 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. కాంటూర్ గీతలు పది మీటర్లకొకటి. గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట నిలువు, దూరంగా ఉన్నచోట చదును. సైటు డ్రాయింగ్ చదివినవాళ్లకి ఇది పది నిమిషాల పని.

దారి హాస్ ఎండ్ దగ్గర మొదలవుతుంది. కెస్విక్ నుంచి డెర్వెంట్‌వాటర్ చెరువు మీద లాంచీ అక్కడికి తీసుకెళ్తుంది. ఉత్తరం నుంచి దక్షిణానికే ఎక్కండి, రివర్స్‌లో వద్దు. పైన రెండు చోట్ల చేతులు ఆనించి ఎక్కాల్సిన రాళ్లున్నాయి. వేలమంది బూట్లకి అరిగి నున్నగా అయిపోయాయి. ఎక్కడం సులువే, తడిలో దిగడమే ప్రమాదం. వాన పడుతున్నా, టైమ్ దాటినా మొదటి రాయి కిందనే ఆగిపోయి, ఒడ్డు వెంట చదును దారిలో నడవండి. ఆ రోజుకి అదే ట్రిప్పు.

ఆ రాళ్లలో ఒకచోట టి.ఎ. లెనార్డ్ పేరుతో ఫలకం ఉంటుంది. 1891లో కోన్ అనే ఊరి నూలు మిల్లు కార్మికుల్ని సెలవులకి ఈ కొండలకి తీసుకొచ్చిన పాస్టరు ఆయన. నేను అక్కడ ఆగకుండా పోను.

శిఖరం దాటాక హాస్ గేట్. పేరులో గేటున్నా తలుపేమీ ఉండదు, అది కనుమ. అక్కడ ఎడమకి తిరిగితే రాళ్లు పరిచిన మెట్లదారి కిందికి మానెస్టీ వైపు దిగుతుంది. తర్వాత బ్రాండెల్‌హౌ అడవి మీదుగా ఒడ్డు వెంటే హాస్ ఎండ్‌కి. జనం చందాలతో నేషనల్ ట్రస్ట్ 1902లో కొన్న అడవి అది. మోకాళ్లు మొరాయిస్తే హై బ్రాండెల్‌హౌ రేవులో లాంచీ ఎక్కేయొచ్చు. చలికాలంలో ట్రిప్పులు బాగా తగ్గుతాయి, టైమ్ ముందే చూసుకోండి.

ఒడ్డుకొచ్చాక చెమటలో నీళ్లు చూస్తే దూకాలనిపిస్తుంది. వద్దు. ఎండాకాలంలోనూ ఆ నీళ్లు ఊపిరి ఆగేంత చల్లగా ఉంటాయి, ఈత వచ్చినవాడికి కూడా చేతులు ఆడవు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర ఇద్దరు మన ఆంధ్ర విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. పొరపాటున పడితే ముందు కొట్టుకోకుండా వెల్లకిలా తేలండి, ఊపిరి సర్దుకున్నాకే కదలండి.

సైట్ బూట్లు సరిపోతాయా అని అడుగుతున్నారు. ఎక్కేటప్పుడు సరే, దిగేటప్పుడు వేళ్లు ఇనుప టోపీకి గుద్దుకుంటాయి. పట్టున్న సోలుతో మామూలు వాకింగ్ బూట్లు మేలు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. సైటు హెడ్‌టార్చ్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, జూన్‌లో అయినా.

ఎవరికైనా దెబ్బ తగిలితే 999కి కొట్టి ముందు పోలీస్ అడగండి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనండి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ ఉంటే కాల్ వెళ్తుంది. "బిల్లు వేస్తారేమో" అని ఫోన్ చెయ్యకుండా కుంటుకుంటూ దిగినవాళ్లు నాకు తెలుసు. వచ్చేవాళ్లు వాలంటీర్లు, పైసా తీసుకోరు. మాటలు వెళ్లకపోయినా మెసేజ్ వెళ్లొచ్చు, కానీ దానికి ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అని 999కి ముందే పంపి నమోదు చేసుకోవాలి. ఇవాళే చెయ్యండి. ఫోన్ చచ్చిపోతే విజిల్: నిమిషంలో ఆరుసార్లు, నిమిషం ఆపి మళ్లీ.

ఇప్పుడు నేను వెళ్లే ముందు రూమ్మేట్ గ్రూపులో మూడు ముక్కలు పెడతాను: దారి పేరు, కిందికొచ్చే టైమ్, ఎన్నింటిదాకా కబురు లేకపోతే 999కి చెప్పాలో. కిందికి దిగగానే ఫోన్ చేస్తాను. మర్చిపోతే వాడే తిట్టి గుర్తుచేస్తాడు.