పట్టుకుని మరోచోట వదిలితే సరిపోతుందా?

విల్లియనూరు ఉన్న పుదుచ్చేరి ప్రాంతానికి జంతుశాస్త్రంలో ఒక ప్రత్యేకత ఉంది. ద్వీపకల్ప భారతంలో మాత్రమే నివసించే టోపీ కోతుల్లో, పొట్ట లేత రంగులో ఉండే ఉపజాతి ఒకటుంది. తూర్పు తీరంలో ఈ ఉపజాతి పుదుచ్చేరి వరకే విస్తరించింది. నడినెత్తి నుంచి చుట్టూ పరుచుకున్న జుట్టు టోపీలా కనిపిస్తుంది కాబట్టి ఈ కోతికి ఆ పేరు వచ్చింది.

గుళ్ల దగ్గర, రోడ్ల పక్కన తరచూ కనిపించే ఈ కోతికి ముప్పేమిటి? ఉత్తర భారతానికి చెందిన రీసస్ కోతులు దక్షిణానికి విస్తరిస్తూ టోపీ కోతుల చోటును ఆక్రమిస్తున్నాయని బెంగళూరుకు చెందిన సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో హెచ్చరించింది. ఒకప్పుడు తూర్పున గోదావరినే ఈ రెండు జాతులకు ఎల్లగా చెప్పేవారు. ఇప్పుడు రీసస్ కోతులు ఆ నదికి దక్షిణాన హైదరాబాదులోనూ ఉన్నాయి. ఒక ఊళ్లో బెడదగా మారిన కోతులను పట్టి మరో ప్రాంతంలో వదిలిపెట్టడం కూడా ఇలాంటి మార్పుకు దారితీస్తుంది.

సరీసృపాల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పెంపుడు జంతువుల అక్రమ వ్యాపారం కోసం నక్షత్ర తాబేళ్లను పట్టి విదేశాలకు తరలిస్తుంటారు. సింగపూర్ విమానాశ్రయంలో పట్టుబడిన ఇలాంటి తాబేళ్లను హైదరాబాదుకు తెచ్చారు. వాటిని ఏ అడవిలో వదలాలి? సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి డీఎన్‌ఏను, స్వస్థలం తెలిసిన తాబేళ్ల డీఎన్‌ఏతో పోల్చి మూలాలను వెతికారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వేర్వేరు ప్రాంతాల తాబేళ్లను కలిపేస్తే, స్థానిక వాతావరణానికి అలవాటుపడిన జన్యు లక్షణాలు చెదిరిపోవచ్చు. వ్యాధులూ సోకవచ్చు.

ఇలాంటి నిర్ణయాల వెనక ఏళ్ల తరబడి సాగే క్షేత్ర పరిశోధన ఉంటుంది. కోతులను చదివే పరిశోధకులు గుంపు వెంట నడిచి, ముఖాన్నీ గాయాల మచ్చలనూ బట్టి ఒక్కొక్క దాన్నీ గుర్తుపడతారు. నిర్ణీత వ్యవధిలో ఏది ఏం చేస్తోందో రాసుకుంటారు. జంతువును ముట్టుకోకుండానే మలం నమూనాల నుంచి ఒత్తిడి హార్మోన్ల స్థాయిని తెలుసుకుంటారు. తాబేలు పొదల కింద దాగి ఉంటుంది కాబట్టి ఓపికగా వెతికి, తూచి, కొలిచి, డిప్ప మీది గీతలను ఫొటో తీసి గుర్తుపెట్టుకోవాలి.

టోపీ కోతి, నక్షత్ర తాబేలు రెండూ నేడు ప్రమాదం అంచున ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి. 2019లో నక్షత్ర తాబేలుకు అంతర్జాతీయ వాణిజ్యం నుంచి అత్యున్నత రక్షణ లభించింది. అయితే జంతువును కాపాడటమంటే దాన్ని బతికించడం ఒక్కటే కాదు. అది ఏ నేలకు చెందిందో తెలుసుకుని, అక్కడే బతకనివ్వడం కూడా.