చిన్న ఫోను పనిచేస్తోంది, వాట్సాప్ మాత్రం ఆగింది

సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశం పెట్టగానే అందరికంటే ముందు వాయిస్ మెసేజ్‌లో ‘ఆమెన్’ చెప్పే పెద్దమ్మలు కొందరు చాలాకాలంగా మౌనంగా ఉన్నారు. విడిగా మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడుతుంది, రెండోది పడదు. ఊరెళ్లారేమో, ఒంట్లో బాగోలేదేమో అనుకుంటాం. ఆదివారం చూస్తే ఎప్పటిలాగే వచ్చి కూర్చునే ఉంటారు. సంగతేమిటంటే, వాళ్ల చేతిలో ఉన్నది జియోఫోన్. ఫోను బాగానే ఉంది. రింగవుతుంది, మాట వినిపిస్తుంది. అందులోని వాట్సాప్ ఆగిపోయింది, అంతే. ఎందుకు ఆగిందో వాళ్లకు వివరంగా చెప్పినవాళ్లు తక్కువ. ఆ పని ఇక్కడ చేద్దామనుకుంటున్నాం.

జియోఫోన్, కొన్ని నోకియా బటన్ ఫోన్లు కాయ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. టచ్ ఫోన్లకు ఆండ్రాయిడ్ ఎలాగో వీటికి కాయ్‌ఓఎస్ అలాగ. 2024 జూన్ 25 నుంచి ఈ ఫోన్లలో కొత్తగా వాట్సాప్ వేసుకునే వీలు లేకుండా పోయింది. అప్పటికే వేసుకున్నవాళ్లకు 2025 మొదటి నెలల వరకు గడువిచ్చారు. అదీ అయిపోయింది.

ఈ కాయ్‌ఓఎస్ పుట్టుక కొంచెం విచిత్రమైనది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసిన మొజిల్లా సంస్థ 2011లో ఒక ఆలోచనతో ముందుకొచ్చింది. ఫోనుకంటూ ప్రత్యేకమైన యాప్‌లు ఎందుకు, ఇంటర్నెట్‌లో వెబ్ పేజీలు నడిచినట్టే యాప్‌లూ నడిస్తే ఖరీదైన ఫోను అవసరం ఉండదు కదా అన్నది ఆ ఆలోచన. ఆ పద్ధతిలో 2013లో ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్లు వచ్చాయి. 2014లో మన దేశంలో ఇంటెక్స్ కంపెనీ అలాంటి ఫోనును 1,999 రూపాయలకు అమ్మింది. టచ్ ఫోను ఆ ధరకు దొరకడం అప్పట్లో పెద్ద మాటే. కానీ చవకలోనే ఆండ్రాయిడ్ కూడా వచ్చేయడంతో అది నిలబడలేదు. 2015 డిసెంబరులో మొజిల్లా చేతులెత్తేసింది. అయితే ఆ ప్రోగ్రామును ఎవరైనా తీసుకుని వాడుకునేలా బహిరంగంగా ఉంచింది గనుక, వేరే కంపెనీ ఒకటి దాన్ని తీసుకుని బటన్ ఫోన్లకు సరిపోయేలా మలిచింది. కాయ్‌ఓఎస్ అలా వచ్చింది.

దానికి ఊపిరి పోసింది మన దేశమే. 2017 జూలై 21న రిలయన్స్ వార్షిక సమావేశంలో ముకేశ్ అంబానీ జియోఫోన్‌ను ప్రకటించారు. దేశంలో ఉన్న 78 కోట్ల ఫోన్లలో దాదాపు 50 కోట్లు మామూలు ఫీచర్ ఫోన్లేనని, వాళ్లకు ఇంటర్నెట్ అందడం లేదని ఆయన ఆనాడు అన్నారు. 1,500 రూపాయలు డిపాజిట్ కడితే ఫోను, మూడేళ్ల తర్వాత ఫోను తిరిగి ఇస్తే డబ్బు వెనక్కి. నెలకు 153 రూపాయలతో కాల్స్, డేటా. 512 ఎంబీ ర్యామ్, రెండున్నర అంగుళాల కంటే చిన్న తెర. ఇప్పటి టచ్ ఫోన్ల పక్కన పెడితే బొమ్మలా ఉంటుంది. కానీ కూలికి వెళ్లే ఇంట్లో, పింఛను మీద బతికే ఇంట్లో, మొదటిసారి ఇంటర్నెట్ అడుగుపెట్టింది ఈ బొమ్మతోనే.

2018 సెప్టెంబరులో దానికి వాట్సాప్ వచ్చింది. అసలు మార్పు అప్పుడే వచ్చిందని మా అభిప్రాయం. మీటలు నొక్కి తెలుగు టైపు చేయడం ఎవరికైనా కష్టమే. చదువు రానివాళ్లకైతే ఆ మాటే లేదు. కానీ వాయిస్ మెసేజ్‌కు అక్షరాలు అక్కర్లేదు. బటన్ నొక్కి మాట్లాడితే చాలు. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు తీరిక దొరికినప్పుడు పంపిన మాటలు తల్లి ఇక్కడ పదిసార్లు వినగలిగింది. మనవడి ఫొటో చూసింది. సంఘం గ్రూపులో కూడిక ఎక్కడో, ఎన్ని గంటలకో ఎవరినీ అడగకుండా తెలుసుకుంది. 2021లో వాట్సాప్ వాయిస్ కాల్ సౌకర్యం కూడా వచ్చింది. ఆ ఏడాదే, జియోఫోన్ వాడేవారు 10 కోట్లు దాటారని కంపెనీ చెప్పుకుంది.

పది కోట్ల మందిని వదులుకుని ఒక యాప్ ఎందుకు వెళ్లిపోతుంది? ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఏ ఫోను ప్లాట్‌ఫారమైనా మూడు కాళ్ల ముక్కాలిపీట వంటిది. ఫోన్లు తయారుచేసేవాళ్లు ఒక కాలు, కొనేవాళ్లు ఒక కాలు, యాప్‌లు రాసేవాళ్లు ఒక కాలు. మూడో కాలు విరిగితే మొదటి రెండూ ఎంత గట్టిగా ఉన్నా పీట నిలబడదు. యాప్ రాసే కంపెనీకి ఒక్కో ప్లాట్‌ఫారమూ ఒక్కో అదనపు కాపురం. ప్రతి కొత్త సౌకర్యాన్నీ దానికోసం మళ్లీ రాయాలి, పరీక్షించాలి, భద్రతా లోపాలు సరిచేయాలి. వీడియో కాల్, చెల్లింపులు, ఒకే నంబరు నాలుగు పరికరాల్లో వాడుకోవడం, ఇలా వాట్సాప్ పెరిగేకొద్దీ 512 ఎంబీ ఫోనులో దాన్ని ఇరికించడం కష్టమవుతూ వచ్చింది.

పైగా జియోఫోన్‌లో ఉన్న కాయ్‌ఓఎస్ 2.5కు లోపల ఆధారం 2016 నాటి ఫైర్‌ఫాక్స్ ఇంజిన్. వెబ్ మీద నడవడం దీని బలం అన్నాం కదా, చివరికి అదే బలహీనత అయింది. ఎందుకంటే వెబ్ ఏటేటా మారుతుంది, ఈ ఇంజిన్ మారలేదు. కొత్తగా కట్టిన వెబ్‌సైట్లు చాలా వాటిలో సరిగా తెరుచుకోవు. 2020లో మొజిల్లాతో కాయ్‌ఓఎస్ కంపెనీ మళ్లీ చేయి కలిపి, ఆ మరుసటి ఏడాది కొత్త ఇంజిన్‌తో మూడో వెర్షన్ తెచ్చింది గానీ, అది కొత్త ఫోన్లకు. అప్పటికే మన ఊళ్లలో చేతులు మారుతున్న పాత జియోఫోన్లకు దానివల్ల ఒరిగింది లేదు.

ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. 2017లో వాట్సాప్ పాత నోకియా సింబియాన్ ఫోన్లనూ, బ్లాక్‌బెర్రీనీ వదిలింది. 2019 డిసెంబరు 31న విండోస్ ఫోన్‌ను వదిలింది. విండోస్ ఫోన్ ముగింపు మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతిగా ఉన్నప్పుడే జరిగింది. ఆ వ్యాపారం నుంచి తప్పుకున్న తీరు వేరుగా ఉండాల్సిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. బ్లాక్‌బెర్రీ కథ ఇంకా కఠినం. 2022 జనవరి 4న కంపెనీ తన పాత సర్వీసులు ఆపేసినప్పుడు, ఆ ఫోన్లలో మామూలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు కూడా ఇక నమ్మకంగా పనిచేస్తాయని చెప్పలేమంది. అయితే బ్లాక్‌బెర్రీ పట్టుకుని తిరిగినవాళ్లు ఎక్కువగా ఆఫీసర్లు, వ్యాపారులు. మరుసటి రోజు ఇంకో ఫోను కొనుక్కున్నారు. వాళ్ల బాధ గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. జియోఫోన్ వాళ్ల గురించి అంతగా ఎవరూ రాయలేదు.

మాకు ఎక్కువగా బాధ కలిగించినది ఇంకొకటి ఉంది. జియోఫోన్ ప్రైమా అనే కొత్త మోడల్ 2,599 రూపాయల ధరతో మార్కెట్లోకి వచ్చింది 2023 నవంబరు ప్రాంతంలో. అదీ కాయ్‌ఓఎస్ మీదే. వాట్సాప్ ఉంటుందన్నది దాని ప్రచారంలో ముఖ్యమైన మాట. ఎనిమిది నెలలు తిరక్కుండానే కొత్తగా వాట్సాప్ వేసుకోవడం ఆగింది. ఫోను అమ్మినవారు ఒకరు, యాప్ నడిపేవారు ఇంకొకరు, మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్‌ది వేరొకరు. ఎవరిని అడిగినా పక్కవారిని చూపిస్తారు. రెండున్నర వేలు కూడబెట్టి కొన్న మనిషికి మాత్రం అది ఒక్కటే ఫోను. చట్టం ప్రకారం ఇందులో తప్పుందని మేము అనడం లేదు. కానీ పేదవాడికి వస్తువు అమ్మేటప్పుడు, అది ఎంతకాలం పనిచేస్తుందో చెప్పే బాధ్యత కూడా అమ్మేవారికి ఉండాలి గదా.

‘టచ్ ఫోను కొనేసుకోవచ్చు కదా’ అని యౌవనస్థులు తేలిగ్గా అంటారు. అంత తేలిక కాదు. చిన్న ఫోను వాడేవాళ్లంతా డబ్బు లేక వాడుతున్నారనుకోవడం పొరపాటు. చూపు మందగించినవాళ్లకు వేలితో తడిమితే తెలిసే మీట కావాలి. పొలంలో తడి చేతులకూ, మట్టి చేతులకూ టచ్ తెర లొంగదు. ఒకసారి చార్జింగ్ పెడితే ఎక్కువసేపు వస్తుంది. కింద పడినా తట్టుకుంటుంది. పిల్లలు లాక్కుని గేములాడుకునే బెడద లేదు. ఇంకా ముఖ్యం, మోసగాళ్లు పంపే యాప్ ఫైళ్లు అందులో ఇన్‌స్టాల్ కావు. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించే దొంగకు ఆ ఫోనులో అంత సులువుగా దారి దొరకదు. కాబట్టి తెలిసే, ఇష్టపడే దాన్ని అంటిపెట్టుకుని ఉన్నవాళ్లు ఎంతోమంది. వాళ్లను వెనకబడ్డవాళ్లుగా చూడకూడదు.

ఇప్పుడు పని విషయానికి వద్దాం. జియోఫోన్ పారేయాల్సిన వస్తువు కాదు. మాటలు, ఎస్సెమ్మెస్‌లు నెట్‌వర్క్ ద్వారా వెళ్తాయి గనుక అవి యథాతథంగా పనిచేస్తాయి. బ్యాంకు, ఆధార్ ఓటీపీలు వస్తాయి. ఎఫ్ఎం వినవచ్చు. మెమరీ కార్డులో పాటలు, వాక్యం ఆడియో ఎక్కించి ఇస్తే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తాయి. సంఘంలో కంప్యూటర్ తెలిసిన పిల్లలెవరైనా ఒక సాయంత్రం కూర్చుంటే పదిమందికి ఎక్కించి ఇవ్వగలరు. డబ్బు పంపడానికి కూడా దారి ఉంది. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే అనే పద్ధతి తెచ్చింది. ఇంటర్నెట్ లేకపోయినా ఫోను కాల్ ద్వారా చెల్లింపు చేయవచ్చు. ఒకసారికి పంపగలిగే మొత్తాన్ని 2024 అక్టోబరులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మొదటిసారి మాత్రం నమ్మకమైన మనిషి పక్కన ఉండి చేయించడం మంచిది. పిన్ నంబరు ఆ మనిషికి కూడా చెప్పనక్కర్లేదు.

టచ్ ఫోనుకు మారదామనుకునేవారు ముందు జియోఫోన్‌లోని నంబర్లను మెమరీ కార్డుకో, సిమ్‌కో ఎక్కించుకోవాలి. పాత వాట్సాప్ సంభాషణలు కొత్త ఫోనుకు రావు, వాటికి బ్యాకప్ అనేదే లేదు. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫొటోలు ఫోను గ్యాలరీలో ఉంటే వాటిని కార్డులోకి తీసుకోవచ్చు. కాలం చేసినవాళ్ల ఫొటోలు కొన్ని ఇళ్లలో ఈ చిన్న ఫోనులోనే మిగిలి ఉంటాయి, మార్పిడికి ఇచ్చేయకముందే చూసుకోండి. అదే నంబరుతో కొత్త ఫోనులో వాట్సాప్ తెరవవచ్చు గానీ, సాధారణంగా 120 రోజులు వాడకపోతే ఆ ఖాతా తొలగిపోతుంది, గ్రూపులన్నిటిలోంచీ పేరు పోతుంది. చాలామందికి ఆ గడువు ఎప్పుడో దాటింది. గ్రూపు నడిపేవారు తమంతట తాము మళ్లీ చేర్చుకుంటే తప్ప వాళ్లు తిరిగి రాలేరు.

మారనివాళ్ల సంగతి? వాళ్ల కోసం సంఘంలో ఒక కాగితం మీద పేర్లు, నంబర్లు రాసిపెట్టుకుంటే సరిపోతుంది. స్త్రీల సమాజంలోనో, యౌవనస్థుల్లోనో ఒక్కొక్కరు అయిదేసి మందికి ఫోను చేసే బాధ్యత తీసుకోవచ్చు. కూడిక స్థలం మారినా, ఎవరికైనా ఆపద వచ్చినా కబురు వెళ్తుంది. ‘గ్రూపులో పెట్టాం కదా’ అనే మాట ఈ అయిదుగురి విషయంలో చెల్లదు.

ఇక కాయ్‌ఓఎస్ భవిష్యత్తు. ఆఫ్రికాలోనూ అమెరికాలోనూ దాని మీద నడిచే ఫోన్లు అమ్ముడయ్యాయి. 2018లో గూగుల్ అందులో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టింది. కానీ దాన్ని నిలబెట్టిన జియోయే పక్క దారి చూసుకుంటోంది. 2021 నవంబరులో వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ ఆండ్రాయిడ్‌ది. 2023 జూలైలో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ కూడా కాయ్‌ఓఎస్‌ది కాదు. అందరూ వాడే మెసేజ్ యాప్ లేని ప్లాట్‌ఫారానికి కొత్త కొనుగోలుదారులు రావడం కష్టం, వాళ్లు రాకపోతే కొత్త యాప్‌లూ రావు. పూర్తిగా కనుమరుగు కాకపోవచ్చు, మాటలకు మాత్రమే ఫోను కావాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ ఆ చిన్న తెర మీద మళ్లీ వాట్సాప్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోమని మేము ఎవరికీ చెప్పలేం.

ఈ మధ్య ఇంట్లో పెద్దవాళ్లకు కొత్త బటన్ ఫోను కొనబోయేవారు కొట్టువాడిని ‘వాట్సాప్ ఉందా?’ అని అడిగి ఊరుకోవద్దు. అట్టపెట్టె మీద ఆ బొమ్మ ఉన్నా సరే, అక్కడే సిమ్ వేయించి, ఆ యాప్ తెరిపించి, ఒక వాయిస్ మెసేజ్ పంపి, అవతల రెండు టిక్కులు పడ్డాకే డబ్బు ఇవ్వండి.