హిప్నాటిజం – చదువు

పరీక్షలు దగ్గరపడగానే కొందరు విద్యార్థులకు గుండెలు దడదడలాడతాయి. ‘హిప్నాటిజం చేయించుకొంటే మంచి మార్కులు వస్తాయి’ అని వారికి ఎవరో చెబుతారు. ఇందులో నిజమెంతో తెలుసుకొందాం.

18వ శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు తననుండి రోగికి ఒక అయస్కాంతశక్తి ప్రవహిస్తుందని చెప్పేవాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం పరిశీలించి, అటువంటి శక్తి లేదనీ, అదంతా ఊహాబలమేననీ తేల్చింది. తరువాత జేమ్స్ బ్రెయిడ్ అనే శస్త్రవైద్యుడు 1843లో ఒక గ్రంథం వెలువరించి, ‘నిద్ర’ అనే అర్థం గల గ్రీకు మాటనుండి పుట్టిన ఈ పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు.

అయితే ఇది నిద్ర కాదు. మనస్సు ఒకే విషయంపై లగ్నమై, సూచనలను సులభంగా గ్రహించే స్థితి. శిక్షణ పొందిన వైద్యుల పర్యవేక్షణలో ఇది కొందరికి ఆందోళన తగ్గించవచ్చు. భయం తగ్గితే చదివినది గుర్తుకు వస్తుంది. కాని చదవని పాఠం ఎక్కడినుండి వస్తుంది? బావిలో నీరుంటేనే కదా చేదలోకి వచ్చేది!

ఒకే రోజు పదేపదే వల్లెవేయడం కన్న, కొన్ని రోజులపాటు విడివిడిగా చదివితే తక్కువ శ్రమతో గుర్తుంటుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హాస్ 1885లో తెలియజేశాడు. కనుక రోజూ కొంత చదవండి. పుస్తకం మూసి, చదివినది సొంతమాటల్లో చెప్పుకొని చూడండి. విద్యార్థికి నిజమైన ధైర్యం ఆ అలవాటునుండే కలుగుతుంది.