ఊరంతా నారింజ... వీధంతా అంగడి!

రాజుగారి పుట్టినరోజంటే కోటలో విందులు, సైనికుల కవాతులు, దూరం నుంచి చేతులూపే జనం... ఇవే గుర్తొస్తాయి. నెదర్లాండ్స్‌లో మాత్రం ఆ రోజు జనం ఇంట్లోని పాత సామానంతా తెచ్చి రోడ్డు మీద పరుస్తారు! చూసేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు అన్న తేడా లేని పండగ అది. అందుకే కొత్తగా వచ్చిన పరాయి దేశస్థులు కూడా పూట తిరక్కుండానే అందులో కలిసిపోతారు.

ఏప్రిల్ 27 ఉదయం మీరు ఆమ్‌స్టర్‌డామ్‌లో రైలు దిగారనుకోండి. ఎటు చూసినా నారింజ రంగే. చొక్కాలు, టోపీలు, కళ్లజోళ్లు, ఆఖరికి కుక్కల మెడలో రుమాళ్లు కూడా. ఎరుపు, తెలుపు, నీలం జాతీయ జెండా పైన ఆ రోజు పొడవాటి నారింజ పీలిక ఎగురుతుంది. కాలవల నిండా పాటలు హోరెత్తించే పడవలు. మామూలు రోజుల్లో గులాబీ రంగు పూతతో అమ్మే 'టొంపూస్' అనే క్రీము మిఠాయి కూడా నారింజ రంగులోకి మారిపోతుంది. ఇదే 'కోనింగ్స్‌డాఖ్'... అంటే రాజు రోజు.

ఈ రంగుకూ పండుకూ సంబంధం లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆరంజ్ అనే చిన్న సంస్థానం 1544లో విలియం అనే బాలుడికి వారసత్వంగా వచ్చింది. తర్వాత స్పెయిన్ పాలన మీద డచ్చివాళ్ల తిరుగుబాటుకు నాయకత్వం వహించింది ఆయనే. ఇప్పటి రాజవంశం పేరు ఆరంజ్-నసౌ. అలా ఆ రంగు దేశానికే గుర్తయింది.

యువరాణితో మొదలు
ఈ పండగ పుట్టింది ఓ చిన్నపిల్ల కోసం. 1885 ఆగస్టు 31న యువరాణి విల్‌హెల్మినాకు ఐదేళ్లు నిండాయి. ఆ రోజును 'యువరాణి రోజు'గా జరిపారు. 1890లో ఆమె సింహాసనం ఎక్కాక అది 'రాణి రోజు' అయింది. 1948లో ఆమె కూతురు జూలియానా రాణి కావడంతో, మర్నాటి ఏడాది నుంచి పండగ ఆమె పుట్టినరోజైన ఏప్రిల్ 30కి మారింది. ఆ తర్వాత రాణి బియాట్రిక్స్ పుట్టింది జనవరి 31న. ఎముకలు కొరికే చలిలో వీధి పండగ ఎలా? అందుకే ఆమె తల్లి పుట్టినరోజునే ఉంచేశారు. 2013లో బియాట్రిక్స్ కొడుకు విల్లెం-అలెగ్జాండర్ రాజయ్యారు. 2014 నుంచి పండగ ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 27న. ఆ రోజు ఆదివారమైతే మాత్రం ముందురోజే జరుపుతారు.

సుద్దముక్కే హక్కు పత్రం
అసలు సందడి 'వ్రైమార్క్ట్'ది. అంటే స్వేచ్ఛా సంత. మామూలుగా ఈ దేశంలో వీధిలో ఏదైనా అమ్మాలంటే అనుమతి కావాలి, పన్ను కట్టాలి. ఈ ఒక్కరోజు మామూలు జనానికి ఆ బెడద లేదు. కాలిబాట మీద సుద్దముక్కతో గీత గీసి 'బెజెట్' అని రాస్తే చాలు, ఆ జాగా ఎవరో తీసుకున్నట్టే. ముందుగా గీయొద్దని కొన్ని ఊళ్లలో చెబుతారు. అయినా గీసేవాళ్లు గీస్తూనే ఉంటారు! ఉట్రెక్ట్‌లో అయితే ముందురోజు సాయంత్రమే మొదలై, రాత్రంతా బేరాలు సాగుతాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వోండెల్ పార్కు పూర్తిగా పిల్లల రాజ్యం. పొట్టయిపోయిన బూట్లు, చదివేసిన బొమ్మల పుస్తకాలు, ఆడి విసిగిన బొమ్మలు దుప్పటి మీద పెట్టుకుని కూర్చుంటారు. అమ్మడానికేమీ లేని పిల్ల వయొలిన్ వాయించి డబ్బా ముందు పెడుతుంది. 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తక కేంద్రం తెరిచి, మనవాళ్ల చేత 'వలందులు' అనిపించుకున్న డచ్చివాళ్ల మనవలు కదా... బేరంలో గట్టివాళ్లే!

ఆటలూ తమాషాగా ఉంటాయి. దారానికి వేలాడే కేకును చేత్తో ముట్టకుండా కొరకాలి. నడుముకు వెనక వేలాడే మేకును సీసా మూతిలో దించాలి. రాజకుటుంబం కూడా ఏటా ఓ ఊరికి వెళ్లి జనంతో కలిసి నడుస్తుంది. 2023లో రోటర్‌డామ్, 2024లో ఎమ్మెన్, 2025లో డూటిన్‌కెమ్ వెళ్లారు. 2012లో రేనెన్ అనే ఊళ్లో ఇప్పటి రాజుగారు మరుగుదొడ్డి కమోడు విసిరే పోటీలో పాల్గొన్నారంటే నమ్ముతారా!

కన్నీళ్లూ ఉన్నాయి
ఈ పండగ ఎప్పుడూ నవ్వులతోనే గడవలేదు. 1980 ఏప్రిల్ 30న బియాట్రిక్స్ పట్టాభిషేకం రోజున, ఇళ్లు దొరకని యువకుల నిరసనతో ఆమ్‌స్టర్‌డామ్ వీధులు రణరంగమయ్యాయి. 2009లో అపెల్‌డోర్న్‌లో ఓ వ్యక్తి రాజకుటుంబం వైపు కారు నడిపి జనంలోకి దూసుకెళ్లాడు. అతనితో కలిపి ఎనిమిది మంది చనిపోయారు. 2020లో కరోనా వల్ల అందరూ ఇళ్లలోనే ఉండి, పేరులో ఒక్క అక్షరం మార్చి 'వోనింగ్స్‌డాఖ్' జరుపుకున్నారు. అంటే ఇంటి రోజు!

రాచరికమే వద్దనేవాళ్లూ ఆ దేశంలో ఉన్నారు. వాళ్లు కూడా ఈ రోజు పాత కుర్చీలు అమ్ముకుంటారు. పేరు రాజుది, పండగ వీధిది.

పలకరింపుకో సాకు
డచ్చివాళ్లకు పుట్టినరోజంటే పెద్ద విషయమే. అందరి పుట్టినరోజులూ రాసిన క్యాలెండర్ మరుగుదొడ్డి గోడకు వేలాడుతుంది! పుట్టినరోజు వారికే కాదు, వాళ్ల అమ్మకూ అక్కకూ కూడా శుభాకాంక్షలు చెబుతారు. కానీ వాళ్లింటికి వెళ్లాలంటే రోజూ వేళా ముందే మాట్లాడుకోవాలి. మనలాగా 'ఇటు వెళ్తూ వచ్చాం' అంటే కుదరదు. ఉద్యోగాల కోసం ఆమ్‌స్టెల్‌వీన్ లాంటి ఊళ్లలో స్థిరపడిన భారతీయ కుటుంబాలకు మొదట్లో కొట్టొచ్చినట్టు కనిపించేది ఈ దూరమే. పక్కింటివాళ్లతో చిరునవ్వు దాటి మాట సాగదు.

ఈ సంతలో ఆ గీత చెరుగుతుంది. వీధిలో దుప్పటి పరిచాక పక్క దుప్పటివాళ్లతో మాట కలవక తప్పదు. 'ఇదెంత?' అన్న ఒక్క ప్రశ్నకు పెద్ద భాష అక్కర్లేదు. స్కూల్లో డచ్చి నేర్చిన పిల్లలు అమ్మానాన్నలకు దుబాసీలవుతారు. పిలుపు లేదు, టికెట్ లేదు, ఏ దేశం అన్న ప్రశ్న లేదు. పరాయి ఊళ్లో బతికేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి... చూడ్డానికి పండగ కాదు, కూర్చోడానికి రెండు గజాల చోటు!

వెళ్లాలనుకుంటే...
- రైళ్లు కిక్కిరిసిపోతాయి. ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డున ట్రామ్‌ల మీద ఆశపెట్టుకోవద్దు. నడకకు సిద్ధపడండి.
- చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి. పిల్లల దుకాణాల్లో అవే సుఖం.
- ఏప్రిల్ అయినా చలి, వాన ఉండొచ్చు. నారింజ చొక్కా మీదకు ఓ కోటు తప్పనిసరి.
- తినుబండారాల అమ్మకానికి, మద్యానికి ఊరూరికీ నిబంధనలు వేరు. ముందే కనుక్కోండి.
- పిల్లలతో వెళ్తే ఉదయమే మేలు. మధ్యాహ్నం దాటితే పెద్ద ఊళ్లలో తోపులాట ఎక్కువ.